తాతయ్య వేసిన రెండో విస్తరి

నా చిన్నప్పుడు, పోలీసు చర్య కోసం మిలిట్రీ దిగుతోందని మెదక్ అంతా వణికిపోతున్న రోజుల్లో, చీరలు అమ్ముకోవడానికి టేక్మాల్ పోయిన మా నాయన తిరిగి రాలేదు. కౌడిపల్లి దారిలో కాల్పులు జరిగాయనీ, నాయన పోయాడనీ ఒక బండివాడు కబురు తెచ్చాడు. ఇల్లు గొల్లుమంది. శవం లేకపోయినా కర్మ జరగాల్సిందేనంది నాయనమ్మ. మా తాతయ్య మాత్రం బండివాణ్ణి ఒకటే అడిగాడు: "నువ్వు సూసినవా, ఇన్నవా?" వాడు తల గోక్కున్నాడు.

మూడో రోజు పెరటి గోడ మీద విస్తరి వేసి, నాయనకు ఇష్టమైన బువ్వా కోడికూరా పెట్టారు. పోయినవాడి ఆత్మే కాకై వచ్చి ముడుతుందని మావాళ్ళ నమ్మకం. పెట్టీపెట్టగానే కాకి వాలి ముక్క ఎగరేసుకుపోయింది. "నా కొడుకు వచ్చిండు, తిన్నడు!" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. ఇంకేం అనుమానం? పదో రోజు అమ్మ గాజులు తీయాలని పెద్దలు తీర్మానించేశారు. అమ్మ చేతులు కొంగు కింద దాచుకుని కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు.

తాతయ్య లేచి ఇంకో విస్తరి తెచ్చాడు. అదే బువ్వ, అదే కూర. గోడ మీద పెట్టి, "నేను సచ్చిన. నా ఆత్మ వచ్చి తినాలె" అని అరిచాడు. ఆ కాకే మళ్ళీ వచ్చింది, చుట్టాలను కూడా వెంటబెట్టుకుని!

"అయ్యో, నేను గూడ పోయిన! జర ఏడ్వుండ్రి" అన్నాడు తాతయ్య. ముందు పక్కున నవ్వింది మా అమ్మే.

నాయనమ్మ మండిపడింది. "ఆత్మ లేదంటవా? దేవుడు లేడంటవా?"

"తెల్వదంటున్న. తెల్వనిదాన్ని తెల్వదనాలె గదనే. సూసినోడు వచ్చేదాంక కోడలి గాజులు ముట్టొద్దు" అన్నాడు తాతయ్య.

పదో రోజు రాకముందే నాయన వచ్చాడు! కౌడిపల్లిలో ఎవరో పుణ్యాత్ములు గొడ్లకొట్టంలో దాచి కాపాడారట. గడపలోనే ఆకలన్నాడు. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ విస్తరి వేయబోయింది. "విస్తరొద్దు బిడ్డా, పళ్ళెంల పెట్టు. కాకులు సూస్తున్నయి" అన్నాడు తాతయ్య. దేవుడే కొడుకును తోలిచ్చిండంది నాయనమ్మ. "గావచ్చు" అని తాతయ్య హాయిగా నవ్వాడు.

దేవుడున్నాడా అని మనవలు అడిగితే, తెలియదని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గులేదు. కానీ ఒక మనిషి గురించి ఎవరైనా "ఖాయం" అన్నారంటే, మా అమ్మ చేతినిండా ఉన్న గాజులు నా చెవుల్లో గలగలమంటాయి. చూశావా, విన్నావా అని అడగందే వదలను.