బయట బిగించిన తీగ

ఇప్పటికీ తొలివానకి సాక్చి బజారులో కొట్లవాళ్ళు టార్పాలిన్లు దింపితే, తడిసిన గుడ్డా, మైనం, పాత దుమ్మూ కలిసిన ఆ వాసనకి నా కాళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ వాసనలోనే నేను రెండేళ్ళు బడికెళ్ళాను.

డెబ్బైల చివర్లో మేం ఉత్తరాదిన ఈ ఉక్కు ఊళ్ళోనే, గోల్‌మురిలో కార్ఖానా క్వార్టర్లో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నాన్న అక్కడ ఫిట్టరు. పొద్దుటి షిఫ్టయితే తెల్లారకముందే సైకిలెక్కేసేవాడు. కుళాయి నీళ్ళు సరిగ్గా బడివేళకే వచ్చేవి, బొగ్గుల పొయ్యి అప్పుడే రాజుకునేది, చంకలో తమ్ముడు దగ్గుతూ ఉండేవాడు. మైలున్నర దూరం నన్ను నడిపించడం అమ్మ వల్ల కాక, నాన్న ఒక రిక్షా మాట్లాడాడు. వెనక రేకు డబ్బా, దానికి టార్పాలిన్ కప్పు, అందులో ఎదురెదురుగా రెండు చెక్క బల్లలు, ఆరుగురికని చేసిన చోట తొమ్మిది మందిమి, మోకాళ్ళ మధ్య సంచులు, సంచుల్లోంచి ఆవకాయా పరాఠాల వాసన.

రిక్షా అతని మీద అమ్మకి మొదటిరోజు నుంచీ నమ్మకం లేదు. "ఆడి కళ్ళు సూసేరా, ఎలాగెర్రగా ఉన్నాయో! తాగి వత్తన్నాడేటో" అనేది. చలికాలం మంచులో రిక్షా తొక్కేవాడి కళ్ళు ఎర్రగా కాక ఎలా ఉంటాయని నాన్న నవ్వేవాడు. బడి నుంచొచ్చి నేను దిగగానే అమ్మ నా నోరు వాసన చూసేది, జేబులు తడిమేది. "ఏటిచ్చేడు? ఏ దారంట తెచ్చేడు? ఎక్కడైనా ఆపేడా?" హోళీకి అతను పిల్లలందరికీ తలో గుజియా, అంటే మన కజ్జికాయ, పంచిపెట్టాడు. నేను నాది తినకుండా ఇంటికి తెచ్చిస్తే, అమ్మ దాన్ని విరిచి చూసి కాకులకేసింది. కాకులు బాగానే ఉన్నాయా అని మర్నాడు పెరట్లోకెళ్ళి చూసింది కూడా.

డబ్బా తలుపు గడియ వదులు. ఒకసారి మలుపులో తలుపు తెరుచుకుని ఓ పిల్లాడు జారబోయాడు. మర్నాడు నాన్నే ఇనప తీగ తెచ్చి, పట్టకారుతో గడియకి చుట్టి, రోజూ బయటనుంచి ఇలా మెలెయ్యమని అతనికి చూపించాడు.

"లోపల్నుంచి రాదు గదా. ఏదైనా అయితే పిల్లలెలా దిగుతారు?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"నీకు తీగ మీద కూడా అనుమానవేనా?" అన్నాడు నాన్న.

అమ్మ తమ్ముణ్ణి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. ఇంతలో కుళాయి వచ్చింది. నేను రిక్షా ఎక్కాను.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే, రోడ్డూ కాలవా ఒకటైపోయిన వానలో, చక్రం కాలవలోకి దిగి డబ్బా పక్కకి ఒరిగింది. టార్పాలిన్ మా మీద పడి అంతా చీకటైపోయింది. బురదనీళ్ళు బల్లదాకా వచ్చాయి. అందరం కలిసి తలుపు తన్నినా అది రాలేదు. బయట అతను తీగతో పెనుగులాడుతున్న చప్పుడు, "డరో మత్, డరో మత్" అని భయపడొద్దంటూ వణికే గొంతు వినిపించాయి. తలుపు తెరుచుకున్నాక నేను మొదట చూసింది అతని అరచేతుల్ని. రక్తం వాననీళ్ళతో కలిసి కారుతోంది. మమ్మల్ని ఒక్కొక్కర్నీ ఎత్తి గట్టు మీద పెట్టాడు. ఒకమ్మాయికి చెయ్యి విరిగింది.

ఆ సాయంత్రం పిల్లల తండ్రులు మా వాకిట్లోనే అతన్ని నిలదీశారు. ఆ తీగ కట్టిందెవరని చెయ్యి విరిగినమ్మాయి తండ్రి హిందీలో అరిచాడు. అతను చేతులకి చుట్టుకున్న తువ్వాలునే చూసుకుంటూ, ఒక్కసారి తలెత్తి నాన్నని చూశాడు.

"కల్ సే మత్ ఆనా" అన్నాడు నాన్న. రేపట్నుంచి రావద్దని.

నేను నోరు తెరవబోయాను. అమ్మ వేళ్ళు నా భుజం మీద బిగుసుకున్నాయి. తలెత్తి చూస్తే, ఇన్నాళ్ళూ అతన్ని చూసిన చూపుతో అమ్మ నాన్నని చూస్తోంది.

మర్నాటి నుంచి తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మే నన్ను నడిపించింది. నీళ్ళు పక్కింటావిడ పట్టి పెట్టేది. ముందే అడిగుంటే అప్పుడూ పట్టేదే.

ఇప్పుడు గోల్‌మురి నుంచి కద్మా దాకా ఊళ్ళో ఎక్కడా ఆ రేకు డబ్బాలు లేవు. అమ్మా నాన్నా లేరు. తీగ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మనవరాలి బడి వ్యాను డ్రైవరు పేరూ ఊరూ కోడలు వివరంగా రాసుకుంటుంటే నేను లోపలికి వెళ్ళిపోతాను. ఆ రిక్షా అతని గురించి రెండేళ్ళపాటు అమ్మ రోజూ ఎన్ని ప్రశ్నలడిగిందో. అతని పేరు మాత్రం మేమెవ్వరం అడగలేదు.