స్టోర్స్ తెరమీద శుక్రవారం

నాచారంలో మా ఫ్యాక్టరీ ఆఫీసుకు స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మెయిల్‌లో అందరికీ కలిపి ఉన్న క్యాలెండర్‌ను ఫోన్లతో జోడించింది నేనే. ఒకరు రాస్తే అందరి తెరలమీదా కనిపించేది, ముందురోజే మోగేది. సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ విభాగంలో నాది చిన్న ఉద్యోగం. ఈ పనితో పేరొచ్చింది, కొంచెం తలకెక్కింది కూడా. స్టోర్స్ ఇన్‌ఛార్జిని అన్నా అని పిలిచేవాణ్ణి. అతని కంప్యూటర్లోనూ ఆ క్యాలెండర్ దగ్గరుండి పెట్టిచ్చాను. మధ్యాహ్నం మా ఇద్దరి డబ్బాలూ కలిపే తినేవాళ్లం.

ఒక సోమవారం మేనేజర్ పిలిచి, శుక్రవారంతో అన్నను తీసేస్తున్నామని, అప్పటిదాకా నోరు విప్పొద్దని చెప్పారు. విప్పలేదు. కాయితాలు సిద్ధం చేయడం మరిచిపోతానేమోనని ఫోన్లో రాసుకున్నాను: "స్టోర్స్ ఇన్‌ఛార్జి రిలీవింగ్." నా సొంత క్యాలెండర్లోనే రాశాననుకున్నాను. ఫోన్లో ఏది రాసినా ఉమ్మడిదాంట్లోకి పోయేలా పెట్టింది నేనేనని తోచనేలేదు.

గురువారం అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, జర స్టోర్స్‌కు రా."

అన్న కంప్యూటర్ తెరమీద, శుక్రవారం కింద, నేను రాసుకున్న మాటే ఉంది.

"గిది నా గురించేనా?"

తల ఊపాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం అన్నా."

"సోమవారం..." అన్నాడు. "నిన్న నా డబ్బల గోంగూర మస్తుందని రెండుసార్లు ఏసుకున్నవ్ గదరా."

తిట్టి ఉంటే బాగుండేది. మేనేజర్ వద్దన్నారని చెప్పబోయి ఆగాను. నిజానికి మేనేజర్ భయం ఒక్కటే కాదు, అన్న మొహం చూసి ఆ మాట చెప్పే బాధ తప్పితే చాలనుకున్నాను.

"ముందు గిది తీసెయ్. పోరగాళ్లు సూస్తే మంచిగుండదు."

ఫోన్లో చెరిపేశాను. తెరమీద మాత్రం పోలేదు. ఫోన్లో చేసిన మార్పు కంప్యూటర్‌కు చేరడానికి కాసేపు పడుతుంది. ఇద్దరం నిలబడి దాన్నే చూస్తున్నాం. అంతలో లోడింగ్ మనిషి తలుపు దగ్గర నిలబడి అడిగాడు: "అన్నా, ఆఫీసుల ఏందో అంటున్నరు. రేపు పోతున్నవంట?"

అన్న తెరకు అడ్డంగా జరిగాడు. "అవ్ రా. నేనే మానేస్తున్న. ఉప్పల్ల ఇంటి పని వడ్డది. తమ్మికి మొన్ననే జెప్పిన."

అతను నావైపు చూశాడు. అవునన్నాను.