ఎడమ చేతి గీత

మా మామ పోయినాడు. ఇంకా నెల కూడా కాలా. ఒక గురువారం పొద్దున పేపరు చదవతా చదవతా అట్నే కుర్చీలో వాలిపోయినాడంట. అప్పుడు నేను నగరిలో మా అమ్మకాడ ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "నాయన పోయినాడు, వచ్చేయ్" అన్నాడు. అంతే. బస్సెక్కినాక కండక్టరు "యాడికమ్మా?" అని రెండుసార్లు అడిగినాడు. చిత్తూరు అనే మాట నోట్లోనుంచి రాలా. చివరి దాకా అని చేత్తో సైగ చేసినాను.

మామ బోర్డులు రాసే ఆర్టిస్టు. చిత్తూరులో అంగళ్ళ బోర్డులు, బంగారుపాళ్యం దావలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గోడలు, లారీల వెనక చిలకలు, పువ్వులు శానా వరకు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చినాక పని నిలిచిపోయింది. మామ ఎవురినీ తిట్టలా. పోయి ఒక డ్రాయింగ్ బుక్కు కొనుక్కొచ్చుకున్నాడు. "ఇన్నేండ్లూ వాళ్ళు చెప్పింది రాస్తిని. ఇంక నాకు కనపడింది గీస్తా" అన్నాడు.

ఆయనకు ఒక స్నేహితుడు, మెకానిక్ భాయ్. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నోళ్ళు. ఆదివారమైతే చాలు, అత్త చేసిన చిత్రాన్నం క్యారియర్‌లో పెట్టుకొని మామ పాత మోటార్ సైకిల్ మీద యాడికో ఒక తట్టు పోయేవాళ్ళు. మామ బొమ్మ గీస్తా ఉంటే భాయ్ పక్కనే పండుకొని పాటలు పాడేవాడంట.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో, వాకిట్లో ముగ్గేస్తా ఉంటే మామ వెనక నిలబడి శానాసేపు చూసినాడు. ఏం తప్పు చేసినానో అని భయపడినాను. లోపలికి పోయి బ్రష్షు తెచ్చి నా చేతిలో పెట్టినాడు. పుట్టింట్లో నా బొమ్మల్ని ఎవురూ ఒక్కసారి తిరిగి చూడలా. మామ ఒక జామాకు నా ముందర పెట్టి, "ఆకును సూసి ఎయ్యమ్మా. నీకు తెలిసిన ఆకు ఎయ్యొద్దు" అన్నాడు. ఇప్పుడు నేను ఏది గీసినా ఆ మాట చెవిలో పడతాది.

రెండేండ్ల కింద పక్షవాతం వచ్చి మామ కుడి చెయ్యి పడిపోయింది. కాలు కొంచెం తేరుకున్నింది గానీ చెయ్యి రాలా. నెలల తరబడి గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. భాయ్ దినమ్మూ వచ్చి కూసునేవాడు. మోకాళ్ళ నొప్పులతో ఆయనా బండి తోలలేడు. ఒకరోజు నన్ను పిలిచి, "నువ్వు బండి నేర్చుకోమ్మా, నేను నేర్పిస్తా. లేకుంటే వీడు ఈ గోడను సూస్తానే పోతాడు" అన్నాడు.

అత్త ఒప్పుకోలా. "కోడలు బండి తోలేది, మామ వెనక కూసునేదా! ఊరంతా నవ్వతారు."

గోడ తట్టునుంచి మామ గొంతు వినపడింది. "నవ్వనీలే. మనింట్లో నవ్వి శానా దినాలాయ."

రెండుసార్లు పడినాను, మోచేతులు చెక్కుకుపోయినాయి. నేర్చుకున్నాను. మొదటి ఆదివారం బంగారుపాళ్యం పక్కన ఒక మామిడి తోటకు పోయినాము. మామ ఎడమ చేత్తో చెట్టు గీయబోతే గీత వంకర్లు పోయింది. పెన్సిలు ఇసిరేసి ఏడిచినాడు. ఆయన ఏడస్తే నేను చూసింది ఆ ఒక్కసారే. ఏం చెప్పాల్నో తెలీక పెన్సిలు ఏరి పక్కన పెట్టి, దూరంగా పోయి నిలబడినాను. శానాసేపటికి పిలిచినాడు. కాగితం మీద చెట్టుండాది. ప్రతి కొమ్మా వణకతా ఉండాది.

"ఇన్నేండ్లు కుడి చేత్తో గీసినా గాలి రాలేదమ్మా. ఇప్పుడొచ్చింది సూడు" అన్నాడు.

ఆ తర్వాత ఏ ఆదివారమూ తప్పలా. తప్పింది ఒక్కటే, చివరిది. ఆ పొద్దు ఐరాల తట్టు కొండలు గీయాలని మామ అప్పటికే గడ్డం చేయించుకొని, గళ్ళ చొక్కా ఏసుకొని కూసున్నాడు. మా అమ్మకు జరమని ఫోన్ వచ్చింది. సంచి సర్దుకుంటా, "వచ్చే వారం పోదామా మామా?" అన్నాను.

"పోమ్మా, అమ్మను సూసుకో. కొండలు యాడికి పోతాయి?" అన్నాడు.

చెప్పులేసుకొని వెనక్కి తిరిగి చూస్తే, ఎడమ చేత్తో చొక్కా గుండీలు ఒక్కొక్కటే ఇప్పుకుంటా ఉన్నాడు. ఒక్క గంట ఆగి ఉంటే ఆయన్ను ఊరి చివరి దాకా అన్నా తిప్పుకొచ్చి ఉండొచ్చు. ఆ గంటకు అమ్మకు ఏమీ అయ్యుండేది కాదు. ఇంట్లో ఎవురికీ చెప్పుకోలేక ఈ మాట మీకు చెప్తా ఉండాను.

దినాలు అయిపోయినాక వచ్చిన మొదటి ఆదివారం భాయ్ వచ్చినాడు. ఎప్పుడూ నేరుగా లోపలికొచ్చే మనిషి, వాకిట్లోనే నిలబడినాడు. "ఐరాల దాకా పోయొద్దామా అమ్మా?" అన్నాడు. నేను అత్త తట్టు చూసినాను. అత్త లేచి బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఊరు దాటినాము. ఐరాల దావలో చెరుకు తోటల నడుమ ఎవురో బెల్లం వండతా ఉన్నారు. తెల్లటి పొగ రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. ఆ తీపి వాసనలోకి పోయినాక, నా భుజం మీదుండే భాయ్ చెయ్యి బిగుసుకున్నింది. వెనక ఆయన ఏడిచేది వినపడింది. నేను తిరిగి చూడలా, బండి ఆపలా. పొగలోనుంచి ఒక్కో చెరుకు తోట మెల్లగా బయటపడతా, మళ్ళా వెనక్కి పోతా ఉన్నింది.