మా మామ సిద్ధం చేసి పెట్టిన సైకిలు

మా మామ చనిపోయాడని ఫోను వచ్చినప్పుడు నేను బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ధర్మవరం నుంచి బడి ఉన్న పల్లెకు వచ్చే ఒక్క బస్సూ వేసవికి ముందే ఆగిపోయింది. ఆటో దొరకలేదు. నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి ఆయనకు స్నానం చేయించి, నుదుట విభూతి పెట్టి, మా ఆచారం ప్రకారం గోడకు ఆనించి కూర్చోబెట్టేశారు. పై సోమవారం నుంచి నేను సైకిలు మీద బడికి పోవాలని ముహూర్తం పెట్టింది ఆయనే. ఆ సోమవారం దాకా కూడా ఉండలేదు.

ఆయన నా భర్తకు తండ్రి. బతుకంతా గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసిన మనిషి. నేసిన చీరను తువ్వాలులో చుట్టి, క్యారియరుకు కట్టుకుని, షావుకారు అంగడికి సైకిలు మీదే పోయేవాడు. మోకాళ్లు పట్టేశాక మగ్గం గుంతలోకి దిగలేకపోయాడు. సైకిలు కూడా గోడకు చేరింది. నా టీచరు పని ఇంట్లో ఎవరికీ పెద్ద విషయం కాదు, ఆయనకు తప్ప. టీ అంగడి దగ్గర అడగనివాళ్లకు కూడా "మా కోడలు టీచరప్పా" అని చెప్పి వచ్చేవాడు.

బస్సు ఆగినాక రోజూ ఆలస్యమే. ప్రార్థన వేళకు రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని బడివాళ్లు తేల్చి చెప్పేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇంక మానేస్తానన్నాను.

"బస్సోడు మానుకుంటే నువ్వు మానుకోవల్లనా? ఆ సైకిలు ఈడికి తోసుకోని రామ్మా" అన్నాడు మామ.

"నాకు తొక్కేది రాదు మామా."

"పిల్లోళ్లకు నువ్వు చెప్తావు గదా. నీకు నేను చెప్తా."

మా చెరువులో నీళ్లుంటే నాకు ఈ జన్మలో సైకిలు వచ్చేది కాదు. ఎండిపోయి, చదునుగా, మైదానంలా పడి ఉంది కాబట్టి నేర్చుకున్నాను. ఆయన కట్ట మీద కూర్చుని "ముందర జూడు, చక్రం జూడాకు" అని గొంతు పోయేలా అరిచేవాడు. నేను పడినప్పుడల్లా గొర్రెలు మేపేవాళ్లకు పండగ.

"ఏమప్పా, కోడలికి సర్కసు నేర్పుతాండావా?"

"అవునప్పా. టికెట్టు తీసుకోని జూడు" అనేవాడు మామ.

మా వైపు ఆషాఢం గాలి ఎలాంటిదో మీకు తెలియకపోవచ్చు. నిలబడ్డ మనిషిని వెనక్కి నెడుతుంది. నేను పళ్లు బిగించి తొక్కి, ఆయాసంతో దిగిపోయేదాన్ని. "గాలితో కొట్లాటేలమ్మా? నిదానంగా తొక్కు. నువ్వు పోయేది బడికి, పందేనికి గాదు" అనేవాడు. పాఠం చెప్పేటప్పుడు విసుగొస్తే ఇప్పటికీ నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది.

ఇక బండిని నాకోసం తయారు చేయడం మొదలుపెట్టాడు. పగలంతా అరుగు మీద అదే పని. సీటును నా ఎత్తుకు దించాడు. దారి పొడవునా సర్కారు తుమ్మ ముళ్లు. అందుకని పాత ట్యూబును నిలువునా చీల్చి టైరు లోపల పట్టీగా పరిచాడు. చీర చక్రంలో పడకుండా మగ్గం తాళ్లతో జాలీ అల్లాడు. అల్లుతున్నంతసేపూ చీర అంచు నేసేటప్పటిలాగే కళ్లు చిట్లించుకుని, ఎవరు పిలిచినా పలకలేదు. ఒకరోజు సంబరం పట్టలేక టైర్లకు నిండా గాలి కొట్టి బండిని ఎండలో నిలబెట్టాడు. మా ఎండకు అది చేయకూడని పనని ఆయనకు తెలియక కాదు. మధ్యాహ్నం ట్యూబు ఢామ్మని పేలింది. మగ్గం మీదున్న నా భర్త వీధిలోకి ఉరికాడు. "ఎవురూ బాంబేయలేదులే, పోరా" అన్నాడు మామ, చిన్నబోయిన మొహంతో. నేనూ అత్తా లోపలికి పోయి నవ్వుకున్నాం. మర్నాడు వేరే ట్యూబు ఎక్కించాడు.

ఆ అరుగు మీదే, బండి పక్కనే, ఒరిగిపోయాడట. గుండె అన్నారు.

మా ఇళ్లలో పెద్దదినం నాడు పోయినవాళ్లు వాడుకున్న వస్తువులు దానమిస్తారు, పైలోకం దారిలో అవి వాళ్లకు అందుతాయని. పంచె, చెప్పులు, గొడుగు, చెంబు, అన్నీ వరుసగా పెట్టాం. దినం చేయించే అయ్యవారు అవతల మంత్రాలు చదువుతున్నారు. అత్త లేచి, గోడ దగ్గరున్న సైకిలును తనే తోసుకుంటూ తెచ్చి వాటి పక్కన నిలబెట్టింది.

"అత్తా, అది మామ నాకోసం చేసింది గదా" అన్నాను, ఆమె చెవి దగ్గర.

"నాకు తెల్దా? నా కండ్ల ముందరే చేసినాడు. ఆ మోకాళ్లతో అంత దూరం యట్ల నడుస్తాడు? నువ్వే చెప్పు. ఆయన్ను నడిపించి పంపిస్తామా?"

ఆ దూరం మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆ మోకాళ్లకు రోజూ నూనె రాసింది ఆమె. నేను పక్కకు జరిగాను. నా భర్త తల వంచుకున్నాడు. పని లేక మగ్గం ఆగి ఆగి నడిచే ఇంట్లో కొత్త సైకిలు మాట ఎవరెత్తుతారు? అయ్యవారు నీళ్లు వదిలించి, అన్నీ అందుకున్నారు. దానమిచ్చింది తిరిగి అడిగే ఆచారం మాకు లేదు.

నాకు ఏడుపు కూడా రాలేదు. నాకోసం ఒక మనిషి ఇంత మనసుపెట్టడం ఇంక జరగదని మాత్రం అర్థమైంది. నా బదులు ఇంకొకరిని చూసుకున్నామని, నెలాఖరు దాకా రమ్మని బడివాళ్లు కబురు చేశారు. నేను మళ్లీ నడక మొదలుపెట్టాను.

మొన్న పొద్దున సగం దారిలో వెనక నుంచి గంట వినిపించింది. అయ్యవారు. పక్క ఊళ్లో ఏదో కార్యం ఉందట. నా ఎత్తుకు దించిన సీటు మీద, మోకాళ్లు పక్కలకు చాపి, అవస్థ పడుతూ తొక్కుతున్నారు. పెద్దాయన పాపం నన్ను చూసి దిగారు.

"ఇంత దూరం నడుస్తాండావా తల్లీ? వెనక కూర్చో, బడి కాడ దింపి పోతా."

కూర్చున్నాను. ఎర్రదుమ్ము కళ్లలో పడుతోంది. కొంతదూరం పోయాక ఆయన మంచిమనసుతోనే అన్నారు. "నువ్వు గూడా సైకిలు నేర్చుకోరాదా తల్లీ? ఈ బాధ తప్పుతాది."

"నేర్చుకుంటాను స్వామీ" అన్నాను.

దూరంగా బడి గంట మోగి, ఆగిపోయింది. ఆయన తొక్కుతూనే ఉన్నారు.