టెంక పట్టని కాయ, నా ఎర్ర సిరా

ఎనిమిదో తరగతి సైన్సు పరీక్షలో 'లేత కాయలు ఎందుకు కోయకూడదు?' అని నేనొక ప్రశ్న ఇచ్చాను. సావిత్రి అనే కోయ అమ్మాయి 'మా ఊళ్ళో మామిడి పండుగ కాకముందు కాయ కోయరు' అని ఒక్క ముక్క రాసింది. నేను దాని కింద ఎర్ర సిరాతో 'మూఢనమ్మకం' అని రాసి సున్నా చుట్టాను. ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదివే ఆ పిల్ల ఉగాదికి ఇంటికి వెళ్ళి, పది రోజులైనా తిరిగి రాలేదు. ఇక బడికి రానంటోందని తోటి పిల్లలు చెప్పారు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఆరింటికి ఖమ్మంలో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. పాల్వంచలో దిగేసరికి ఎనిమిదిన్నర. కరెంటు ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగినవాళ్ళతో టిఫిన్ బండి కిటకిటలాడుతోంది. నాలుగు ఇడ్లీలు తిని, నీళ్ళ సీసా నింపుకుని షేర్ ఆటో ఎక్కాను. అడవి దారిలో పన్నెండు కిలోమీటర్లకు మనిషికి నలభై రూపాయలు. సర్వేకు వచ్చారా అని డ్రైవర్ ఆరా తీశాడు. ఒక పిల్లకు తప్పయిందని చెప్పడానికి వెళ్తున్నానంటే నమ్మలేదు. "గిట్ల వచ్చిన టీచర్‌ను నేనైతే సూడలే మేడం" అని నవ్వాడు. రోడ్డు అయిపోయిన చోట దింపితే, అక్కడినుంచి కిలోమీటరు నడక. దారిలో చేతికందే కొమ్మకు మామిడికాయలు వేలాడుతుంటే ఒకటి తుంచుకున్నాను. ఉప్పూకారం తెచ్చుకోలేదే అని కూడా అనుకున్నాను. బుద్ధి అప్పటికీ రాలేదన్నమాట.

సావిత్రి వాళ్ళ అవ్వ వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. నన్ను చూసి సావిత్రి లేచి నిలబడింది గానీ, దాని చూపు నా ముఖం మీద లేదు, నా చేతిలోని కాయ మీద ఉంది. అవ్వ "కూసో బిడ్డా" అని నీళ్ళిచ్చింది. వచ్చిన పని చెప్పాను. కాగితం మీద ఏం రాశానని అడిగింది. 'మూఢనమ్మకం' అని సావిత్రి చెప్పింది. అంటే ఏందని అవ్వ మళ్ళీ అడిగింది.

"టీచర్, దాన్ని మా మాటల ఏమనాలె?" అంది సావిత్రి నావైపు తిరిగి.

తెలియక నమ్మేది అన్నాను. పిల్ల తల దించుకుని దాన్ని కోయలో చెప్పింది.

అవ్వకు కోపం రాలేదు. నా చేతిలోంచి కాయ తీసుకుని కొడవలితో రెండుగా కోసింది. లోపల తెల్లగా, మెత్తగా ఉంది. గోటితో గుచ్చితే దిగిపోయింది.

"టెంక పట్టలే. గిది మొలుస్తదా?"

మొలవదన్నాను.

"తెల్వక కాదు బిడ్డా. తెల్సే ఆగుతం. పండుగ నాటికి టెంక గట్టిపడ్తది, అప్పుడు అందరం ఒక్కసారే తింటం."

నాకు సిగ్గేసింది. ఏటా ఆవకాయకు టెంక పట్టిన కాయ కోసం బజారంతా తిరిగేదాన్ని, ఆ పిల్ల రాసిన ఒక్క ముక్కలో అదే సంగతి ఉందని చూడలేకపోయాను. ఇది తరగతిలో చెప్పవచ్చా అని అడిగాను. అవ్వ సరేనంది. కాకపోతే సావిత్రే చెప్పాలి, ముందు కోయలోనే చెప్పాలి. చూరుకు వేలాడుతున్న మందు వేర్లను ఫోటో తీయబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. అవి తన వెంట తిరిగి నేర్చుకునేవాళ్ళకేనట. ఫోను సంచిలో పెట్టేశాను. మూడింటి ఆటోకు సావిత్రి రోడ్డు దాకా తోడొచ్చింది. బడికి రమ్మని చెప్పి ఆటో ఎక్కాను.

బుధవారం సావిత్రి బడికి వచ్చింది. తరగతి ముందు నిలబడి, ముందు కోయలో చెప్పింది. పిల్లలతో పాటు నేనూ నోరు తెరుచుకుని చూశాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తర్వాత తెలుగులో మా అందరికీ వివరించింది. నేను ఆ పరీక్ష కాగితం మీద నా మాట కొట్టేసి, అందరి ముందూ తప్పయిందన్నాను. అడవి ఊళ్ళలో పండుగే ఉంటుంది, సైన్సు ఉండదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. తెలియక నమ్మింది నేనే.

ఎండాకాలం మొదట్లో అటు వెళ్ళేవాళ్ళు మామిడి పండుగ అయిందో లేదో ఆటో దిగకముందే అడగండి. కాలేదంటే, ఎంత నోరూరినా కొమ్మ మీద చెయ్యి వేయకండి.