ఆరు చేతుల బంధం

బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న నాగలక్ష్మమ్మను కర్నూలు పెద్దలు ఒకరోజు రోగుల ప్రతినిధిని చేశారు. ఆమెకు రోగమేమీ లేదు. ఆ మాటే చెప్పబోతే, "మీరు వచ్చి కూర్చుంటే చాలమ్మా" అన్నారు.

కూర్చోవలసింది 'ఆరోగ్య బంధం' పాలకమండలిలో. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన కూలీలకు వైద్యం చేయిస్తామని నాలుగు ఆస్పత్రులు, ఒక ట్రస్టు, ఫ్యాక్టరీ యజమానుల సంఘం కలిసి పెట్టుకున్న కూటమి అది. దాని గుర్తులో ఎన్ని చేతులుండాలన్న దానిమీదే రెండు సమావేశాలు జరిగాయి. తలా ఒక చెయ్యి కావాలన్నారు. చివరికి ఆరు చేతులు వేయించారు. గోడమీద దాన్ని చూసి నాగలక్ష్మమ్మ ఎవరో అమ్మవారనుకుని దండం పెట్టబోయింది.

ఆమె పక్క మిషను మీద పనిచేసే అయ్యన్నకు ఏడాదిగా దగ్గు. బేతంచెర్ల క్లినిక్కుకు పోతే, ఎక్స్‌రే కోసం కర్నూలు పొమ్మన్నారు. కర్నూలుకు పోతే, మీ ఊరికి మిషను ఇచ్చేశాం, అక్కడే తీయించుకోమన్నారు. మిషను వచ్చిన మాట నిజమే. ఎనిమిది నెలలుగా అది చెక్కపెట్టెలోనే ఉంది. పెట్టె విప్పే అధికారం ఎవరిదో ఇంకా తేలలేదు. మూడుసార్లు తిరిగి అయ్యన్న, "నాకు ఓపిక లేదక్కా" అని మానుకున్నాడు.

ఆ పెట్టె సంగతి నాగలక్ష్మమ్మ సమావేశంలో అడిగింది. అధ్యక్షుడు డాక్టర్ రాఘవేంద్రప్రసాద్ మెచ్చుకోలుగా తలూపాడు.

"మంచి ప్రశ్నమ్మా. పరికరాల ఉపసంఘానికి పంపుదాం."

"దాంట్లో ఎవురుండారు సారూ?"

"మేమేనమ్మా."

ఇంటికొచ్చి ఆమె డిగ్రీ చదివే కూతురు సుప్రజ చేత కూటమి నియమావళి చదివించింది. అన్ని పేజీలూ చదివిన మొదటి మనిషి ఆ పిల్లే అయ్యుండాలి.

"అమ్మా, ఈడ సూడు. రోగుల ప్రతినిధి ఎదురుగా లేకుంటే ఏ తీర్మానమూ చెల్లదంట."

తర్వాతి సమావేశం నాటికి పెద్దలు తొందరలో ఉన్నారు. విరాళమిచ్చిన సంస్థ వాళ్లు బెంగళూరు నుంచి తనిఖీకి వస్తున్నారు, ఈలోగా పదకొండు తీర్మానాలు కావాలి. టీ తాగడం కాగానే నాగలక్ష్మమ్మ లేచింది.

"నేను బయట కూర్చుంటా సారూ. పెట్టె ఇప్పినాక లోపలికొస్తా."

వరండాలో బెంచీమీద కూర్చుంది. లోపల, వరండాలో ఉన్న మనిషి ఎదురుగా ఉన్నట్టా లేనట్టా అని అరగంట వాదించారు. లేనట్టేనన్నాడు కూటమి వకీలు. అప్పుడు ఆమె పనిచేసే ఫ్యాక్టరీ యజమాని నారాయణ బయటికొచ్చాడు. ఆయనా పాలకమండలి సభ్యుడే.

"ఏమ్మా, పని జేసుకునే ఉద్దేశం ఉండాదా లేదా?"

"ఉండాదన్నా. పని జేసేదానికి ఊపిరి గూడా ఉండల్ల గదా."

నారాయణ లోపలికి పోయాడు. ఎనిమిది నెలలు తేలని అధికారం ఒక్క ఫోనుతో తేలింది. మధ్యాహ్నానికల్లా విప్పిన పెట్టె ఫోటో వచ్చింది. నాగలక్ష్మమ్మ లోపలికి పోయి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

అయ్యన్న ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ దుమ్ము కనిపించింది. చెడినంత మేర బాగుకాదనీ, పాలిష్ పని మానెయ్యమనీ డాక్టరు చెప్పాడు. అతనిప్పుడు గేటు దగ్గర లారీల నంబర్లు రాస్తున్నాడు. మిషను ఏర్పాటు పాలకమండలి దూరదృష్టి వల్లే జరిగిందని వార్షిక నివేదికలో అచ్చయింది.

నెల తర్వాత ఆమెకొక ఉత్తరం వచ్చింది. సుప్రజ చదివి చెప్పింది. ఆరోజు సంతకం పెట్టిన కాగితాల్లో తొమ్మిదోది నియమావళి సవరణ. ఇకనుంచి రోగుల ప్రతినిధి ఎదురుగా ఉండనక్కర్లేదు, తెలియజేస్తే చాలు.

"నీ చేతనే సంతకం చేయించుకున్నారు గదమ్మా" అంది సుప్రజ.

"చేసినా. తెలీకనే చేసినా" అంది నాగలక్ష్మమ్మ. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఎక్స్‌రేలు తీసే మంగళవారం పొద్దున మాత్రం, దగ్గుతున్న ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని క్లినిక్కు దగ్గర వరుసలో నిలబడింది.