సరస్వతిని పరిచిన బజారు

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్క గోడకు కొత్తగా నల్ల పలకరాయి అతికించారు. వాచ్‌మన్ దానిమీద నీళ్లు చల్లినప్పుడల్లా లేచే తడిరాతి వాసనకు నేను ఐదో అంతస్తు మరిచిపోయి, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక ఉన్న మా బజారులో తేలతాను.

నాయన పలకలు కోసే పనికి పోయేవాడు. కోతలో విరిగిన బిళ్లలు పారబోస్తుంటే, మా బజారువాళ్లు తెచ్చుకుని వాకిట్లో, పెరట్లో, మురిక్కాలువ మీద, ఎక్కడ పడితే అక్కడ పరిచారు. వానాకాలం బురద లేకపోవడమే మా వైభవం. రాచర్ల దగ్గర పల్లెలో ఉండే మా జేజికి, అంటే నాయన వాళ్లమ్మకు, ఈ సంగతి తెలియదు. ఆమె చేటకు కాలు తగిలినా, చీపురుకు తగిలినా వంగి కళ్లకద్దుకునే మనిషి. సెలవులకు పోయినప్పుడు మేం పలక తొక్కామా, వీపులు మోగేవి.

అలాంటిది ఆ ఎండాకాలం, మాతోనే ఉండిపోదామని మూట కట్టుకుని బస్సు దిగింది. బజారు మొదట్లోనే చెప్పులు విప్పి చేత పట్టుకుంది. ఒక అడుగు వేయడం, వంగి రాయి తాకి కళ్లకద్దుకోవడం, ఇంకో అడుగు. వెనకాల పిల్లలంతా వరసకట్టి అదే చేస్తూ, కాళ్లు కాలి ఎగురుతూ, తిరునాళ్లలాగా ఊరేగించుకొచ్చారు. ఇల్లు చేరేసరికి అమ్మ చేసిన సజ్జరొట్టెలు అట్టలయ్యాయి.

"ఏందిరా ఇది, సరస్వతిని తెచ్చి కాలువ మీద గూడా పరిచినారు?"

"ఉత్త రాళ్లేనమ్మా అవి. చెక్క బిగించినాకనే పలక," అన్నాడు నాయన.

"అంటే సరస్వతి చెక్కలో ఉందా? గుళ్లో సామి గూడా రాయే గదరా."

జేజి నడుముకు ఆముదం రాయించుకుని, తెల్లారి బస్సుకు పోతానంది. కొట్టేదీ ఆమే, కొట్టినచోట నిమిరి పక్కలో పడుకోబెట్టుకునేదీ ఆమే. ఆమె పోతే నాకు నిద్రెక్కడిది?

పొద్దున్నే మూట చంకనపెట్టి గడప ఇవతల నిలబడ్డ జేజి కొంగు పట్టుకుని నేను రాగం తీస్తుంటే, అత్త ఎదుట ఎప్పుడూ పెదవి విప్పని అమ్మ కాఫీ తెచ్చిచ్చింది.

"లేస్తానే, కాలు కింద పెట్టకముందు భూదేవికి మొక్కుతావు గదత్తా. ఆ మొక్కులోనే సరస్వతిని గూడా కలుపుకో."

"ఒక్క మొక్కు ఇద్దరికి చాలుతాదా?"

"ఆమె విష్ణుమూర్తి పెళ్లాం, ఈమె ఆయన కొడుకు పెళ్లాం. వాళ్లూ అత్తాకోడళ్లే గదా, సర్దుకుంటార్లే."

జేజి మూట దించి, కాఫీ తాగింది. ఆ తర్వాత వంగడం మానింది గానీ, బతికినన్నాళ్లూ ఆ రాళ్ల మీద, పసిబిడ్డ నిద్రపోతున్న గదిలో నడిచినట్టే నడిచింది. మాకూ అదే నడక పట్టుబడి, బళ్లో పరుగు పందేల్లో మా బజారు పిల్లలు ఎప్పుడూ ఆఖరే.

మొన్న ఒక పెళ్లికి మార్కాపురం పోతే, బజారంతా సిమెంటు రోడ్డు. రాళ్లు లేవు, జేజి లేదు, అమ్మా లేదు. ఫోను చూసుకుంటూ చకచకా నడిచానేమో, మా ఇల్లు దాటిపోయిన సంగతి బజారు చివరికి వచ్చాక గానీ తెలియలేదు.